జరిమానాతో మత్తు దిగునా?

త్రాగి బండి నడిపి పట్టువడినవాని వ్యాజ్యమంత త్వరగా ముగియు వ్యాజ్యము మన న్యాయస్థానములలో మఱియొకటి కానరాదు. బాటప్రక్కను పోలీసువారు గొట్టమందిత్తురు, అతడూదును, యంత్రము అంకె చూపును. నూరు మిల్లీలీటర్ల నెత్తుటిలో మద్యసారము 30 మిల్లీగ్రాములకు మించినచో నేరము. పిదప నొకనాడు న్యాయస్థానమునకు పోయి, తప్పొప్పుకొని, జరిమానా కట్టి, రసీదు జేబులో వేసికొని యతడు వెలుపలికి వచ్చును. లోక్ అదాలతు దినమైనచో పని యింకను త్వరగా తీరును. అతడేల త్రాగెను, ఎంతకాలమునుండి త్రాగుచున్నాడు, ఆ పూట ఇంటికెట్లు పోవును, మరల త్రాగినప్పుడు బండి యెవరిచేతికిచ్చును అను ప్రశ్నలు ఆ కాగితములలో నెచ్చటను లేవు. ఖజానాకు సొమ్ము చేరినది. వ్యాజ్యము ముగిసినది. వ్యసనము మాత్రము అతనితోపాటు ఇంటికి పోయినది.

బిచ్కుంద ప్రాంతమువారికి ఈ విషయము దూరదేశపు వార్త కాదు. సంగారెడ్డినుండి నాందేడు మీదుగా అకోలాకు పోవు 161వ జాతీయరహదారి పిట్లము, మద్నూరు ప్రాంతములగుండ సాగి సలాబత్‌పూర్ కడ మహారాష్ట్రములో ప్రవేశించుచున్నది. ఆ నాలుగు వరుసల బాటమీద నాందేడు లారీయు, పత్తి నింపుకొన్న ట్రాక్టరును, పెండ్లిదావతునుండి మరలు మోటారు సైకిలును ఒకే చీకటిలో ఒకే వేగమునకు పోటీపడుచున్నవి. వెనుకటి గతుకుల బాటపై త్రాగినవాడు పడినచో మోకాలు చిట్లెడిది. నేటి బాటపై పడినవాడు తాను చచ్చుటయే కాక యితరులను చంపుచున్నాడు. 2025 అక్టోబరు 24వ తేదీ వేకువజామున కర్నూలు సమీపమున చిన్నటేకూరు కడ జరిగిన ఘోరమును పాఠకులు మరచియుండరు. త్రాగిన మోటారుసైకిలువాడొకడు పడి మరణించెను. అతని బండి బాటమీదనే యుండగా హైదరాబాదునుండి బెంగళూరునకు పోవు బస్సు దానిని తాకి యీడ్చుకొనిపోయెను. మంటలు లేచి పందొమ్మండుగురు ప్రయాణికులు బస్సులోనే దగ్ధమైరి. అతడు మద్యము సేవించియుండెనని పిమ్మట పరీక్షలలో తేలినది. ఆ దినములలోనే హైదరాబాదు పోలీసు కమీషనరు, త్రాగి బండి నడుపువారు తీవ్రవాదులతో సమానులని ప్రకటించెను. ఆ మాటలోని కోపము ధర్మమైనదే. అయితే కోపమొక్కటియే ఉపాయము కాజాలదు. ఆ వేకువకు ముందెన్నడైన నొకనాడు అట్టివాడు ఎవరికిని హాని చేయకముందే పట్టువడియుండినచో, మన చట్టము వానినేమి చేసియుండును? జరిమానా కట్టించుకొని పంపివేసియుండును. మేము నేడు అడుగుచున్నది ఆ మొదటి దినమును గుఱించియే.

చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 185వ సెక్షను ప్రకారము మొదటి తప్పునకు ఆరు మాసములవఱకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును. జరిమానా మొదట రెండువేల రూపాయలవఱకు మాత్రమే యుండెను; 2019 సవరణ దానిని పదివేలు చేసెను. రెండవ తప్పునకు రెండేండ్లవఱకు ఖైదు, లేక పదునైదువేల జరిమానా, లేక రెండును. పదివేలన్న నెవరికెంత? కారుగల కంట్రాక్టరునకది యొక రాత్రి విందు వ్యయము. జుక్కల్ ప్రాంతపు కూలివానికి అది అప్పు. పెక్కుమారులు ఆ యప్పు భార్య చెవికమ్మలమీద పుట్టును. త్రాగినది మగడు, శిక్షపడినది ఇల్లాలికి. ఒకే నేరమునకు ధనవంతుడు కాసులును, బీదవాడు కాపురమును చెల్లించు శిక్షను సమానశిక్ష యనుట యెట్లు?

ఇక ఖైదు మాటకు వత్తము. రెండు మూడు దినముల ఖైదుతో భయము పుట్టునని కొందఱందురు. కేవలము దుడుకుతనముచే త్రాగిన పడుచువానికి పుట్టవచ్చును. కాని నిత్యము త్రాగువానికి హఠాత్తుగా మద్యము మాన్పించినచో వణకు, మతిభ్రమణము, మూర్ఛలు కలుగునని వైద్యులెల్లరు నెఱిగిన సంగతి. ప్రాణాపాయము కూడ కలదు. మన జిల్లాలవారికి ఇది పుస్తకములలో చదివిన మాటయు కాదు. 2015లో కల్తీకల్లుపై ప్రభుత్వము దాడులు సలిపి అంగళ్లు మూయించినప్పుడు, ఆ మత్తునకు బానిసలైనవారు వందలకొలది పిచ్చిచేష్టలతో ఆసుపత్రులపాలైరి. అట్టి రోగిని వైద్యునికి చూపక ఖైదుగదిలో పడవేయుట శిక్షయు కాదు, చికిత్సయు కాదు.

అందుచేత మొదటిసారి పట్టువడి, ఎవరికిని గాయము చేయనివానిని శిక్షనుండి శిక్షణకు మరల్చు పద్ధతి మనకు కావలయునని మా యభిప్రాయము. ఇది మా కల్పన కాదు; ఇతర దేశములలో నెన్నో యేండ్లుగా నడచుచున్నది. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రములో అట్టివాడు తప్పొప్పుకొని న్యాయస్థానముతో నొక సంవత్సరపు ఒడంబడిక చేసికొనును. ఆ యేడు వ్యసనపరీక్షకు లోబడి, చికిత్స పొంది, త్రాగుబోతుల బండ్లక్రింద బిడ్డలను పోగొట్టుకొన్నవారి మాటలు ఎదుట కూర్చుండి వినవలెను. అన్నియు నెఱవేర్చినచో వ్యాజ్యము కొట్టివేయబడును. తప్పినచో శిక్ష పడును. పదునైదేండ్లలో నొక్కమారు మాత్రమే ఈ యవకాశము. ఇతరులకు గాయము చేసినవానికి లేదు. లారీలు, బస్సులు నడుపు వృత్తిలైసెన్సు గలవానికిని లేదు. ఇంగ్లాండులో మఱియొక విధము: శిక్ష పడును, లైసెన్సు పోవును, కాని తన ఖర్చుతో కనీసము 16 గంటల శిక్షణ పొందినవానికి లైసెన్సు లేని కాలములో నాలుగవవంతువఱకు తగ్గింపవచ్చును. (అమెరికాలో చదువుకొను మన బిడ్డలకు ఇచ్చట నొక హెచ్చరిక. అచ్చటి న్యాయస్థానము కొట్టివేసిన వ్యాజ్యమును సయితము, ముందు తప్పొప్పుకొని యున్నచో, ఆ దేశపు వలసచట్టము నేరనిర్ధారణగా నెంచవచ్చును. త్రాగి బండి నడిపి అరెస్టయినంతనే వీసా రద్దయిన వారును కలరు.)

ఈ పద్ధతులవలన ఫలితమెంత? అతిశయోక్తులు మాకిష్టము లేదు. ఎలిజబెత్ వెల్స్-పార్కర్ అను పండితురాలును ఆమె సహచరులును రెండువందలకు పైగా పరిశోధనలను పోల్చి 1995లో తేల్చినదేమనగా, ఇట్టి శిక్షణ పొందినవారిలో మరల త్రాగి నడుపుట నూటికి ఎనిమిది తొమ్మిది పాళ్లు మాత్రమే తగ్గినది. స్వల్పమే. అయినను బోధన, చికిత్స, పిమ్మటి కనిపెట్టుట యను మూడును కలిపిన చోట్ల ఫలితము మెఱుగుగా నున్నదనియు, వట్టి యుపన్యాసము వలన గాని వట్టి జరిమానా వలన గాని అంత లాభము లేదనియు వారు కనుగొనిరి. 2022లో దేశమునందు బాటలమీద మరణించినవారు 1,68,491 మంది. అంత పెద్ద రాశినుండి పిడికెడు తీసినను, ఆ పిడికిలిలో నెన్ని యిండ్ల దీపములుండునో లెక్కింపవలెను.

మనవద్ద ప్రయత్నమే జరుగలేదని చెప్పుట న్యాయము కాదు. హైదరాబాదులో గోషామహలు, బేగంపేట ట్రాఫిక్ శిక్షణాలయములలో పట్టువడినవారిని భార్యతోనో తల్లిదండ్రులతోనో రప్పించి హితబోధ చేసిన పిమ్మటనే న్యాయస్థానమునకు పంపుచు వచ్చినారు. ఇల్లాలి యెదుట కూర్చుండబెట్టుటలో లోకజ్ఞానమున్నది; మా దృష్టిలో అది పదివేల జరిమానాకంటె బరువైనది. విశాఖపట్టణమున 2022లో న్యాయస్థానము అట్టివారిచే సముద్రపుటొడ్డును శుభ్రము చేయించెను. సేవ మంచిదే. కాని చేతికి చీపురిచ్చి, మెడలో అట్ట వ్రేలాడదీసి, ఫొటోలు తీసి ఊరంత చూపుట మాకు రుచింపదు. అవమానపడినవాడు ఆ సాయంకాలమే మరల త్రాగుటకొక కారణము దొరకినదనుకొనును.

చట్టములో చోటెక్కడ యని న్యాయవాదులు ప్రశ్నింపవచ్చును. ఇచ్చట నొక వింత గలదు. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 355వ సెక్షను ప్రకారము, త్రాగి వీధిలో నల్లరి చేయువానికి ఇరువదినాలుగు గంటల ఖైదునకో, వేయి రూపాయల జరిమానాకో బదులుగా సమాజసేవను విధింపవచ్చును. 1985 నాటి మత్తుపదార్థముల చట్టపు 39వ సెక్షను ప్రకారము, గంజాయివంటివి కొలదిగా వాడి దొరకిన వ్యసనపరుని, అతని సమ్మతితో, శిక్షకు బదులు చికిత్సాలయమునకు పంపవచ్చును. త్రాగి నడచువానికి సేవ కలదు. గంజాయి పీల్చువానికి చికిత్స కలదు. త్రాగి బండి నడుపువానికి మాత్రము 185వ సెక్షనులో రెండును లేవు! ముగ్గురిలో నెక్కువ ప్రాణములు తీయువాడెవడో చట్టము వ్రాసినవారే చెప్పవలెను.

అయినను చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. 1958 నాటి ప్రొబేషను చట్టము నేటికిని బ్రదికియే యున్నది. మొదటిసారి తప్పుచేసినవానిని, నేరము ఋజువైన పిమ్మట, వెంటనే శిక్షింపక, మూడేండ్లకు మించని గడువునకు సత్ప్రవర్తన ముచ్చలికా వ్రాయించుకొని విడుచు నధికారము దాని 4వ సెక్షనులో నున్నది. ఏడాదికి తక్కువగాకుండ ప్రొబేషను అధికారి పర్యవేక్షణలో నుంచవచ్చును. ఆ పర్యవేక్షణకు విధింపదగిన షరతులలో, మత్తుపదార్థములు మానవలెనను షరతు పేరుపెట్టి మఱియు వ్రాయబడియున్నది. ఆరు మాసములకు మించని ఖైదుగల ఈ నేరము ఆ చట్టపు పరిధిలోనికి వచ్చునని దానిని చదివిన యెవరికైనను తోచును. ఇంక లైసెన్సు సంగతి: 2019 సవరణ ప్రకారము ఇట్టి నేరమునకు పోలీసులు లైసెన్సును పట్టుకొని రవాణాధికారికి పంపవలెను, అది నిలిపివేయబడిన పిమ్మట, పునఃశిక్షణ పూర్తిచేసినగాని తిరిగి యీయరాదు. అనగా ఏడాది పర్యవేక్షణ, మద్యవిసర్జన, పునఃశిక్షణ యను మూడు పనిముట్లును చట్టముల పెట్టెలో నిదివఱకే యున్నవి. వెలుపలికి తీసి కలిపి వాడువారే లేరు.

సుప్రీముకోర్టు 2000లో దల్బీర్ సింగు వ్యాజ్యమున, అజాగ్రత్తగా బండి నడిపి ప్రాణము తీసినవానికి ప్రొబేషను దయ చూపరాదని గట్టిగా చెప్పినదని కొందఱు జ్ఞాపకము చేయుదురు. ఆ తీర్పును మేము శిరసావహింతుము. ప్రాణము తీసినవానికి గాని, గాయపఱచినవానికి గాని, పిల్లలను బడికి చేర్చు బండివానికి గాని, బస్సు, లారీ, ఆటో నడిపి పరుల ప్రాణములను చేతబట్టుకొన్నవానికి గాని ఈ దారి తెఱువరాదు. రెండవమారు దొరకినవానికి అసలే తెఱువరాదు. అట్టివానిని చెఱసాలకు పంపుటలో మాకు సంకోచము లేదు.

అయితే రెండవమారని తెలియుట యెట్లు? ఇచ్చటనే మన ప్రాంతపు చిక్కు లారంభించును. బిచ్కుందకు అటు మహారాష్ట్రము, ఇటు కర్ణాటకము. బంధుత్వములు దెగ్లూరులో, వ్యాపారము ఔరాదులో, పొలము మద్నూరులో గలవారు మనలో నెందఱో కలరు. అట్టివాడు మూడు రాష్ట్రములలోను మూడుమారులు పట్టువడి మూడుమారులును "మొదటిసారి" యనిపించుకొనగలడు. లైసెన్సుల పట్టిక దేశమంతటికి నొక్కటే గనుక, ప్రతి నిర్ధారణను అందులో నెక్కింపవలెను. ఎక్కించిరా లేదా యని న్యాయస్థానము విచారింపవలెను. లైసెన్సే లేనివాని మాటయో? పల్లెలలో మోటారుసైకిలు నడుపువారిలో నట్టివారు కొల్లలు. లేని లైసెన్సును నిలుపుట గాలిని కట్టివేయుటయే. అట్టివానికి ఆ గడువులో బండియే చేతికందకుండ పూచీదారుని నిలుపవలెను. ఆ పూచీదారుడు ఇంటివాడైన మేలు.

అంతకంటె పెద్ద చిక్కు యంత్రమునకు చిక్కని మత్తు. మన జిల్లాలో కల్లు పేరిట అమ్మబడు ద్రవములో నిద్రమాత్రల పొడి, ఆల్ప్రజోలాము, క్లోరల్ హైడ్రేటు కలిపిన సందర్భములు తఱచుగా బయలుపడుచున్నవి. 2025 ఏప్రిలులో నస్రుల్లాబాదు మండలమునందు అట్టి కల్లు త్రాగి పదులకొలది జనులు మతిదప్పి ఆసుపత్రులలో చేరిరి. ఆ కల్లు త్రాగి బండి యెక్కినవాడు గొట్టమూదినచో యంత్రము అమాయకముగా నల్పమైన యంకెను చూపును; వాని మెడ మాత్రము నిలువదు. మందుల మత్తులో నడుపుటయు నేరమేనని 185వ సెక్షను రెండవ భాగము స్పష్టముగా చెప్పుచున్నది. దానిని ఋజువు చేయుటకు నెత్తురు తీయవలెను, తీసినదానిని ప్రయోగశాలకు పంపవలెను. వైద్యుడు లేక యంత్రమునే నమ్ముకొన్నచో ఈ ప్రాంతమున సగము రోగము కంటికే పడదు.

వైద్యుడన్నంతనే అసలు లోటు బయటపడును. 2019లో వెలువడిన కేంద్రప్రభుత్వపు సర్వే దేశమున మద్యమువలన సాయము కావలసినవారు 5 కోట్ల 70 లక్షలని లెక్కించినది. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికొక్కనికి మాత్రమే ఏదో యొక చికిత్స అందుచున్నదట. బిచ్కుంద న్యాయాధిపతి రేపు దయతలచి "ఇతనిని చికిత్సకు పంపుడు" అని వ్రాసినచో, ఎచ్చటికి? హైదరాబాదుకా? కూలి పోగొట్టుకొని, బస్సు కిరాయి పెట్టుకొని, వారమువారము పోగలవాడెవడు? పోయినను, ఇంట మరాఠీయో కన్నడమో మాటాడువానికి అచ్చటి హితబోధ యెంతవఱకు చెవినెక్కును? శిక్షణాలయములు ధ్రువపత్రముల అంగళ్లుగా మారు భయమును కలదు. రుసుము చెల్లించి, తరగతిలో కాలుమోపకయే కాగితము తెచ్చుకొను విద్య మనవారికి క్రొత్త కాదు. కావున హాజరును ప్రొబేషను అధికారి స్వయముగా చూడవలెను. కాగితమును కాదు, మనిషిని చూడవలెను.

సొమ్మెక్కడిదని ప్రభుత్వము ప్రశ్నించినచో మా కోపము నాపుకొనజాలము. తెలంగాణమున 2,620 మద్యపుటంగళ్లకు ప్రభుత్వము లైసెన్సులిచ్చుచున్నది. 2023లో ఒక్కొక్క దరఖాస్తునకు తిరిగియీయని రుసుము రెండు లక్షలు. ఆ దరఖాస్తులమీదనే వచ్చిన రాబడి 2,600 కోట్లకు పైమాట. 2025లో రుసుమును మూడు లక్షలకు పెంచిరి. ఇది మద్యము అమ్మిన లాభము కాదు. అమ్ముటకు అనుమతి కోరినందుకే! వైన్సు ప్రక్కనే పర్మిట్ రూమునకు అనుమతి. దానియెదుట వరుసగా మోటారుసైకిళ్లు. రెండు మైళ్ల యవతల గొట్టము పట్టుకొని పోలీసువారు. అమ్మునదియు ప్రభుత్వమే, పట్టునదియు ప్రభుత్వమే, జరిమానా వసూలు చేయునదియు ప్రభుత్వమే. ఊరూర బెల్టు షాపుల సంగతి ఆబ్కారీవారికి తప్ప అందఱికిని తెలియును.

ఈ దేశపు స్వాతంత్ర్యోద్యమము మద్యనిషేధమును స్వరాజ్యములో భాగముగా నెంచినది. రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో ఆరంభించి, మరుసటియేడు మన చిత్తూరు, కడప జిల్లాలకు దానిని విస్తరింపజేసెను. రాజ్యాంగపు 47వ అధికరణము ఆ యాదర్శమును నేటికిని మోయుచున్నది. 1992లో దూబగుంట స్త్రీలు లేవదీసిన యుద్యమమువలన 1995లో నిషేధము వచ్చినది, 1997లో పోయినది. ఆ రెండేండ్లలో ఎల్ల దాటినచో దొరకు సరకు మన సరిహద్దు గ్రామములకు బాగుగా పరిచితమే. నిషేధవాదమునంతటిని నేడు మరల త్రవ్వము. అమ్ముట మానలేని ప్రభుత్వము, అమ్మకమువలన చెడినవానిని బాగుచేయు వ్యయమునైనను తప్పించుకొనరాదనుటయే మా వాదము. దరఖాస్తు రుసుములలో రూపాయికొక పైసా చికిత్సకు కేటాయించినను, 2023 లెక్కప్రకారము ఇరువదియాఱు కోట్లకు తక్కువ కాదు.

కనుక మేము కోరునది స్వల్పము. జిల్లా న్యాయసేవాధికార సంస్థయు, న్యాయవాదుల సంఘమును పూనుకొని, బిచ్కుంద న్యాయస్థానమున మొదటిసారి పట్టువడినవారికి ప్రొబేషను చట్టమును వర్తింపజేయుమని అర్జీలు వేయవలెను. అర్జీతోపాటు వైద్యుని పరీక్షాపత్రము, ఇంటివారి పూచీ, ఇతర రాష్ట్రములలో నేరము లేదను లైసెన్సుపట్టిక నకలు జతపఱుపవలెను. షరతు తప్పినవానిని మరల పిలిపించి శిక్షించుటలో న్యాయస్థానము మెత్తబడరాదు. జిల్లా కలెక్టరు వారమునకొక దినము మానసికవైద్యుని బిచ్కుంద ప్రభుత్వాసుపత్రికి పంపవలెను. వైద్యునితో మరాఠీ తెలిసిన సహాయకుడొకడుండవలెను. ఆ దినము సంతనాడు మాత్రము కారాదు. సంతకు వచ్చినవాడు ఆసుపత్రి గుమ్మము చేరులోపల దాటవలసిన దుకాణము లెన్నో కలవు.